పికప్ బండికి వించ్ బంపర్: చాసిస్‌కు భద్రంగా బిగించే పద్ధతి

సేవా సంస్థల చేతిలో ఉన్న పికప్ బండి ఏడాది పొడవునా ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది. రంజాన్‌లో రేషన్ కిట్లు, ఎండాకాలంలో మంచినీళ్ల డ్రమ్ములు, వానాకాలంలో వరద సామగ్రి అన్నీ దాని మీదే వెళ్తాయి. మా ప్రాంతంలో ఈ బండ్లు తిరిగే నేలలు కూడా ఒక తీరుగా ఉండవు. చింతలపూడి చుట్టుపక్కల మెట్ట భూములు, పామాయిల్ తోటల మధ్య మట్టి దారులు, తమ్మిలేరు వాగు రేవులు ఒకవైపు. ఏలూరు దాటి కిందికి దిగితే కొల్లేరు లంకలు, చేపల చెరువుల గట్లు, కాలు పెడితే పట్టుకుని వదలని బంకమట్టి మరోవైపు.

2024లో రెండు నెలల తేడాతో ఈ జిల్లా రెండు వరదలు చూసింది. జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి, కింద ఉన్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లోకి నీరు వచ్చింది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరంతా చివరికి చేరేది కొల్లేరుకే. అలాంటి రోజుల్లో సామగ్రితో వెళ్లిన బండే దారిలో దిగబడితే, సహాయం చేయడానికి వెళ్లినవారికే సహాయం అవసరమవుతుంది. అందుకే "బండి ముందు ఒక వించ్ బిగిస్తే పోదా?" అన్న మాట యువకుల నుంచి తరచూ వస్తోంది.

ఆలోచన మంచిదే. అయితే వించ్ కొనడం తేలిక, దాన్ని నిలబెట్టడం కష్టం. నాలుగైదు టన్నుల బలంతో లాగే యంత్రం నాలుగు బలహీనమైన బోల్టుల మీద నిలిచి ఉంటే, తెగిన రోజున ఆ ఇనుప ముక్క ఎవరి మీదికి వెళ్తుందో చెప్పలేం. మన ఊళ్లలో మెకానిక్కులుగా, వెల్డర్లుగా, బాడీ బిల్డింగ్ పనివారుగా బతికే సోదరులు చాలామంది ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్న పిల్లలూ ఉన్నారు. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం. బండి కొనే, నడిపే కమిటీ సభ్యులు కూడా చదివితే మేలు.

మొదట చట్టం సంగతి

పానా పట్టుకునే ముందు ఆర్సీ పుస్తకం తెరవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో సరిపోలకుండా పోయేలా యజమాని తన బండిని మార్చకూడదు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసి, బండ్ల ముందు అనుమతి లేకుండా బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లపై చర్య తీసుకోమని చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన మూల రూపానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. కంపెనీ బంపరు గుద్దినప్పుడు నలిగేలా తయారవుతుంది. నలగడంలోనే దెబ్బ తీవ్రత కొంత తగ్గుతుంది. మందపాటి ఇనుప బంపరు నలగదు. దెబ్బను నేరుగా చాసిస్‌కు, అక్కడి నుంచి లోపల కూర్చున్నవారికి చేరవేస్తుంది. ఎదురుగా నడిచి వెళ్లే మనిషికి, సైకిలు మీద వెళ్లే పిల్లవాడికి అది మరీ ప్రమాదం. ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో దాని సెన్సారు పనితీరు కూడా దెబ్బతినవచ్చు.

కాబట్టి మా మాట ఇది: వించ్ బంపరు బిగించాలనుకుంటే ముందు బండి కంపెనీని, తర్వాత ఆర్టీవో కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి. అనుమతి వస్తే దాన్ని ఆర్సీలో చేర్పించాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాసి తెలపాలి. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర అడ్డు పడుతుంది. చందాలతో కొన్న బండి పదిమంది అమానత్. దాని కాగితాలు పక్కాగా ఉంచడం కూడా ఆ అమానత్‌లో భాగమే. అనుమతి రాకపోతే ఏం చేయాలో చివర్లో చెప్పాం.

బండి ఎముక ఏది?

మహీంద్రా బొలేరో పికప్, టాటా యోధా, ఇసుజు డి-మ్యాక్స్ లాంటి బండ్లకు కింద నిచ్చెన ఆకారపు చాసిస్ ఉంటుంది. రెండు పొడవాటి లాంగ్ మెంబర్లు, వాటిని కలిపే అడ్డ క్రాస్ మెంబర్లు. క్యాబిన్, వెనుక తొట్టి దాని మీద విడిగా కూర్చుంటాయి. వించ్ లాగే బలమంతా ఈ రెండు లాంగ్ మెంబర్లకే చేరాలి. రేడియేటర్ ముందున్న రేకుకు గాని, మడ్‌గార్డుకు గాని, పాత బంపరు వేలాడే సన్న బ్రాకెట్లకు గాని ఏమాత్రం బలం పడకూడదు. ఆ బ్రాకెట్లు బంపరు బరువు మోయడానికే తప్ప బండి బరువు లాగడానికి పెట్టినవి కావు.

లాంగ్ మెంబరు కొన్ని బండ్లలో 'సి' ఆకారంలో, కొన్నింటిలో పెట్టెలా నాలుగు వైపులా మూసి ఉంటుంది. సి ఆకారంలో పై రెక్క, కింది రెక్క, మధ్య గోడ అని మూడు భాగాలు. బరువు పడి వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి మోసేవి పై, కింది రెక్కలు. మధ్య గోడ నడిమి భాగంలో ఒత్తిడి తక్కువ. అందుకే రెక్కలకు ఎప్పుడూ రంధ్రం వేయకూడదు. తప్పనిసరి అయితే మధ్య గోడకే, అది కూడా అంచుకు దూరంగా వేయాలి.

ఎంత వించ్ కావాలి?

వాడుకలో ఉన్న లెక్క తేలిక. సరుకుతో సహా బండి మొత్తం బరువును ఒకటిన్నరతో హెచ్చించాలి. మొత్తం బరువు 3,000 కిలోలైతే 4,500 కిలోలు. వించ్‌ల మీద సామర్థ్యం పౌండ్లలో రాసి ఉంటుంది. 9,500 పౌండ్లంటే సుమారు 4,300 కిలోలు, చాలదు. 12,000 పౌండ్లంటే సుమారు 5,440 కిలోలు, సరిపోతుంది.

ఒకటిన్నర రెట్లు ఎందుకు? వాహనాలను బయటకు లాగే పనిలో ఒక అంచనా ఉంది. చక్రం మేర బురదలో దిగబడిన బండిని కదిలించడానికి దాదాపు దాని బరువంత బలం కావాలి. మడ్‌గార్డు దాకా దిగబడితే రెండింతలు. అంటే మన 3 టన్నుల బండి మడ్‌గార్డు దాకా దిగితే 6 టన్నులు లాగాలి. 12,000 పౌండ్ల వించ్ కూడా ఒంటి రోపుతో దాన్ని లాగలేదు. అప్పుడు కప్పీ వేసి రోపును రెండు పేటలు చేయాలి.

ఇంకో సంగతి. డబ్బా మీద రాసిన సామర్థ్యం డ్రమ్ము మీద మొదటి పొర రోపు మాత్రమే మిగిలి ఉన్నప్పటిది. పొర పెరిగిన కొద్దీ డ్రమ్ము లావై బలం తగ్గుతుంది. నాలుగో పొర మీద సుమారు మూడింట రెండు వంతులే దొరుకుతుంది.

బోల్టు లెక్క

ఈ పాఠంలో అసలు విషయం ఇదే. బోల్టు తల మీద 8.8, 10.9 అన్న అంకెలు చూసే ఉంటారు. 8.8లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దగ్గర తెగుతుందని అర్థం. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. షాపులో 'హై టెన్సిల్' అని అడిగితే ఇచ్చేవి ఇవే. తల మీద ఏ అంకె లేని బోల్టును మెత్తని ఇనుముగానే లెక్కించాలి. మన దేశంలో ఈ బోల్టుల ప్రమాణం ఐఎస్ 1367.

ఎం 12 సైజు 8.8 బోల్టు అడ్డంగా కోసే బలానికి మర దగ్గర సుమారు 4 టన్నుల వద్ద తెగుతుంది. అదే సైజు మామూలు 4.6 బోల్టు సుమారు 2 టన్నులకే తెగుతుంది. ఇప్పుడు మన వించ్ 5.4 టన్నులు లాగుతోందనుకుందాం.

నేరుగా ముందుకు లాగితే ఒక్కో లాంగ్ మెంబరుకు 2.7 టన్నులు. ఒక్కో వైపు నాలుగు బోల్టులుంటే ఒక్కోదానికి 0.7 టన్నులు కూడా పడదు. 4 టన్నులకు తెగే బోల్టు మీద 0.7 పడుతుంటే ఆరు రెట్ల దాకా భద్రత ఉన్నట్టు.

కాని బండి ఎప్పుడూ తిన్నగా దిగబడదు. రోపు పక్కకు లాగితే బలం దాదాపు అంతా ఒక్క వైపే పడవచ్చు. అప్పుడు ఒక్కో బోల్టుకు 1.35 టన్నులు. భద్రత మూడు రెట్లకు దిగుతుంది. ఇది ఫరవాలేదు.

ఇక వైపుకు రెండేసి మామూలు బోల్టులు వేసి ఉంటే? పక్కకు లాగినప్పుడు ఒక్కోదానికి 2.7 టన్నులు. బోల్టు బలం 2 టన్నులు. తెగడం ఖాయం. యాభై రూపాయలు మిగుల్చుకునే చోట ప్రాణం పణంగా పెట్టడమంటే ఇదే.

మెలి బలం కూడా చూడాలి. రోపు బయటకు వచ్చే ఎత్తు, చాసిస్ బోల్టుల ఎత్తు ఒకటి కాకపోతే బంపరు తిరగబడాలని చూస్తుంది. తేడా 100 మిల్లీమీటర్లు ఉండి, ఒక్కో వైపు చివరి రెండు బోల్టులే ఆ మెలి మోస్తాయనుకుంటే, ఆ బోల్టులు 150 మి.మీ. ఎడంగా ఉన్నప్పుడు ఒక్కోదానిపై అదనంగా 1.8 టన్నులు పడుతుంది. 75 మి.మీ. ఎడంలో ఉంటే 3.6 టన్నులు. బోల్టులను ఒకచోట గుంపుగా వేయకుండా వీలైనంత ఎడంగా వేయాలనడానికి కారణం ఇదే. రోపు వరుసను చాసిస్ ఎత్తుకు వీలైనంత దగ్గరగా ఉంచాలనడానికీ ఇదే కారణం.

బిగించే క్రమం

1. బండిని చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. పాత బంపరు విప్పి, దాని బోల్టులు, బ్రాకెట్లు ఒక డబ్బాలో దాచాలి. రేపు తిరిగి పెట్టాల్సి రావచ్చు.

2. లాంగ్ మెంబర్ల ముందు చివరలను వైరు బ్రష్‌తో గీకి చూడాలి. తుప్పు తినేసి పలచబడినా, పగులున్నా, పాత ప్రమాదంలో వంగి సరిచేసినట్టు కనిపించినా అక్కడ వించ్ బిగించకూడదు. కొల్లేరు వైపు ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండ్లను మరింత జాగ్రత్తగా చూడాలి.

3. కంపెనీ వేసిన రంధ్రాలనే ముందుగా వాడుకోవాలి. టోయింగ్ హుక్కు బిగించిన చోట చాసిస్ మందంగా ఉంటుంది. కొత్త రంధ్రం తప్పదంటే కంపెనీ మార్గదర్శకం చూసి, మధ్య గోడకు డ్రిల్లుతోనే వేయాలి. గ్యాస్ కటింగ్‌తో రంధ్రం కాల్చకూడదు. రంధ్రం మధ్య నుంచి ప్లేటు అంచుకు బోల్టు లావుకు కనీసం రెట్టింపు దూరం ఉండాలి. వేశాక అంచులు నునుపు చేసి ప్రైమర్ పూయాలి.

4. చాసిస్‌కు వెల్డింగ్ చేయకూడదు. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారి, ఏడాది రెండేళ్ల తర్వాత అక్కడే పగులు మొదలవుతుంది. వెల్డింగంతా బంపరు, బ్రాకెట్ల వరకే. అది కూడా బండికి బిగించి కాకుండా విడిగా నేల మీద చేయాలి.

5. చాసిస్ పక్కన కూర్చునే బ్రాకెట్ ప్లేటు 8 మి.మీ., వించ్ కూర్చునే తొట్టి ప్లేటు కనీసం 6 మి.మీ. మందం ఉండాలి. ప్లేటు మడత పడే మూలలన్నింటికీ త్రికోణపు ప్లేట్లు వేసి వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ రెండు వైపులా నిండుగా పడాలి.

6. పెట్టె ఆకారపు చాసిస్‌లో బోల్టు అటు నుంచి ఇటు దూర్చి బిగిస్తే గోడలు లోపలికి నలుగుతాయి. నలిగిన గోడ బిగుతును నిలుపుకోలేదు. బోల్టు చుట్టూ లోపల పట్టేలా మందపాటి ఇనుప గొట్టం ముక్క దూర్చి, దాని మీద బిగించాలి. సి ఆకారంలో అయితే లోపలి వైపు 6 మి.మీ. ప్లేటు ముక్కను వాషరులా వేస్తే బలం ఎక్కువ జాగాకు పంచుకుంటుంది.

7. బంపరును జాకీ మీద ఎత్తి, బోల్టులన్నీ చేతితో తిరిగేంత వదులుగా దూర్చాలి. రెండు వైపులా కొలిచి సమంగా కుదర్చాలి. క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద ఊగుతుంది, చాసిస్ ఊగదు. కాబట్టి బంపరుకూ బాడీ రేకుకూ మధ్య 10 నుంచి 15 మి.మీ. సందు వదలాలి. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు ఏవీ మరుగు కాకూడదు. రేడియేటర్‌కు గాలి ఆగకూడదు.

8. బిగుతు. సరిగ్గా బిగించిన ఎం 12, 8.8 బోల్టు రెండు ప్లేట్లను సుమారు మూడున్నర టన్నుల బలంతో నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే మామూలుగా బరువు మోసేది. వదులైన బోల్టు ఎంత గట్టిదైనా రంధ్రంలో అటూ ఇటూ కొట్టుకుని, రంధ్రాన్ని కోలగా చేసి, తానూ తెగుతుంది. అందుకే టార్క్ రెంచ్ వాడాలి. కంపెనీ చెప్పిన అంకె ఉంటే అదే వేదం. లేకపోతే 8.8 బోల్టులకు ఎం 10కి సుమారు 47, ఎం 12కి 80, ఎం 14కి 130, ఎం 16కి 200 న్యూటన్ మీటర్లు. ఒకదాని తర్వాత పక్కదాన్ని కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. గట్టి వాషర్లు, నైలాక్ నట్లు వాడాలి. విప్పిన నైలాక్ నట్టును మళ్లీ వాడకూడదు. రెండు ప్లేట్లు కలిసే చోట మందపాటి పెయింటు ఉంటే ముందే గీకేయాలి. ఆ పొర నలిగిన కొద్దీ బిగుతు సడలుతుంది.

9. వించ్‌ను తొట్టి మీద దానితో వచ్చిన బోల్టులతోనే బిగించాలి. ఈ సైజు వించ్‌లకు సాధారణంగా 254 మి.మీ. పొడవు, 114 మి.మీ. వెడల్పులో నాలుగు రంధ్రాలుంటాయి. నాలుగూ వాడాలి. మూడింటితో సరిపెట్టకూడదు. బోల్టు మర లోపలికి ఎంత దిగాలో వించ్ పుస్తకంలో చెప్పినంత దిగిందో లేదో చూడాలి.

10. ప్రతి నట్టు మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయాలి. నట్టు కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. వంద కిలోమీటర్లు నడిచాక, మొదటిసారి లాగిన వెంటనే, ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ టార్క్ సరిచూడాలి.

కరెంటు, బరువు

12 వోల్టుల వించ్ పూర్తి బలంతో లాగేటప్పుడు 400 ఆంపియర్ల వరకు తాగుతుంది. ఇంటి వైరింగు తీగలు దీనికి పనికిరావు. వించ్‌తో వచ్చిన తీగలే వాడాలి. ఎర్త్ తీగను బాడీకి కాకుండా నేరుగా బ్యాటరీకి కలపాలి. బ్యాటరీ దగ్గర ఒక ఐసొలేటర్ స్విచ్ తప్పనిసరి. బండి గుద్దుకుని తీగ నలిగినా మంట పుట్టకుండా ఉండాలంటే, వాడనప్పుడు ఆ స్విచ్ ఆపి ఉంచాలి. లాగేటప్పుడు ఇంజిను ఆన్‌లో ఉంచి, కొద్దికొద్దిగా లాగుతూ మోటారును చల్లారనివ్వాలి.

ఇనుప బంపరు, వించ్ కలిపి 100 కిలోలు అనుకుందాం. అది ముందు ఇరుసుకు 80 సెంటీమీటర్లు ముందుకు వేలాడుతోంది. రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు. త్రాసు సూత్రం ప్రకారం ముందు ఇరుసు మీద పెరిగేది 100 కాదు, సుమారు 127 కిలోలు. ఆ 27 కిలోలు వెనుక ఇరుసు నుంచి తగ్గినవి. ముందు స్ప్రింగులు దిగుతాయి, హెడ్‌లైట్ చూపు మారుతుంది, ఖాళీ బండిలో వెనుక బ్రేకు జారవచ్చు. హెడ్‌లైటు సరిచేయించాలి. మోసే సరుకులో 100 కిలోలు తగ్గించుకోవాలి. నాలుగు బస్తాల బియ్యం తగ్గినా బండి క్షేమంగా చేరడం ముఖ్యం.

లాగేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

కప్పీ వేసి రోపును వెనక్కి తెచ్చి మన బండికే తగిలిస్తే, వించ్ మీద పడే బలం సగమే. కాని మన చాసిస్ మీద పడే మొత్తం బలం రెట్టింపు. చాలామంది మరిచిపోయే విషయం ఇది. వించ్ 5.4 టన్నులు లాగుతుంటే చాసిస్ దాదాపు 10.8 టన్నులు మోస్తున్నట్టు. కప్పీ కట్టిన చెట్టు కూడా అంతే మోస్తుంది. అందుకే తిరిగి వచ్చిన కొక్కేన్ని బంపరుకు తగిలించకూడదు. చాసిస్‌కు నేరుగా బిగించిన టోయింగ్ హుక్కుకు తగిలించాలి.

చెట్టుకు రోపు నేరుగా చుట్టకూడదు, వెడల్పు పట్టీ వేయాలి. రోపును దానికే కొక్కెం వేయకూడదు. డ్రమ్ము మీద ఇనుప రోపు కనీసం ఐదు చుట్లు మిగలాలి. రోపు మధ్యలో తడిపిన గోనెసంచులో, బరువైన దుప్పటో వేస్తే తెగినప్పుడు ఊపు తగ్గుతుంది. రోపు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో జనాన్ని నిలబెట్టాలి. సాయం చేద్దామని ఊరివాళ్లు మూగుతారు. వారిని దూరంగా పంపేందుకే ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాలి. బిగుసుకున్న రోపును ఎవరూ దాటకూడదు, చేతితో తాకకూడదు. తోలు గ్లౌజులు తప్పనిసరి. వించ్‌తో మనుషులను ఎప్పుడూ ఎత్తకూడదు.

వించ్ ఉందన్న ధైర్యంతో పారే నీటిలోకి దిగకూడదు. అడుగు లోతు పారే నీరు మామూలు కారును, రెండడుగుల నీరు పికప్ లాంటి పెద్ద బండిని కూడా కొట్టుకుపోగలదు. కల్వర్టు మీద నీరు పారుతుంటే ఆగడమే సేవ.

అనుమతి రాకపోతే

బంపరు బిగించకుండానే చాలా పని జరుగుతుంది. కంపెనీ ఇచ్చిన టోయింగ్ హుక్కులు ముందూ వెనుకా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. చేతితో లీవరు ఊపుతూ లాగే వైరు రోపు యంత్రాలు 1.6 టన్నులు, 3.2 టన్నుల సామర్థ్యంలో దొరుకుతాయి. వాటిని తొట్టిలో సరుకులా తీసుకెళ్లవచ్చు. బండికి ఏ మార్పూ అక్కర్లేదు. వాటితో పాటు రెండు కప్పీలు, రెండు చెట్టు పట్టీలు, నాలుగు డి షాకిళ్లు, ఒక పార, చక్రాల కింద వేసే రెండు బలమైన చెక్క పలకలు ఉంటే చాలు. చక్రం మేర దిగబడిన 3 టన్నుల బండిని 3.2 టన్నుల యంత్రంతో, కప్పీ వేసుకుని నిదానంగా తీయవచ్చు. ముందు పారతో చక్రాల ముందున్న మట్టి తవ్వి, సరుకు దించితే సగం పని అక్కడే అయిపోతుంది. ఇంకా కుదరకపోతే మన ఊళ్లలో ట్రాక్టర్లకు కొదవ లేదు. వెళ్లే ముందే దారిలోని రెండు ఊళ్లలో ట్రాక్టరు ఉన్నవారి ఫోను నంబర్లు రాసుకుంటే మేలు.

మననం చేసుకోవలసిన ప్రశ్నలు

మీ బండి సరుకుతో కలిపి ఎంత బరువు? దానికి ఎన్ని పౌండ్ల వించ్ కావాలి?

చాసిస్ రెక్కలకు రంధ్రం ఎందుకు వేయకూడదు?

వైపుకు మూడేసి ఎం 12, 8.8 బోల్టులు వేసి 5.4 టన్నులు పక్కకు లాగితే ఒక్కో బోల్టుకు ఎంత పడుతుంది? భద్రత ఎన్ని రెట్లు?

కప్పీ వేస్తే వించ్‌కు బలం తగ్గుతుంది, చాసిస్‌కు ఎందుకు పెరుగుతుంది?

వీటికి కాగితం మీద జవాబు రాయగలిగిన పనివాడి చేతికే బండి ఇవ్వాలని కమిటీ సభ్యులకు మా సలహా. జవాబు రాయగలిగేలా పని నేర్చుకోమని యువకులకు మా విజ్ఞప్తి. సంస్థ బండి విషయంలో మా అభిప్రాయం ఇది: రాతపూర్వక అనుమతి చేతికి వచ్చేదాకా బంపరు జోలికి పోవద్దు. ఈ వానాకాలానికి చేతి యంత్రం, కప్పీలు, పట్టీలు కొని, ఒక ఆదివారం మైదానంలో నలుగురు వాలంటీర్లకు వాటిని వాడటం నేర్పిద్దాం. అనుమతి వచ్చిన రోజున ఈ పాఠంలోని పది మెట్లూ వరుసగా పాటించి బిగిద్దాం.